తువ్వాల కింద చెయ్యి ఎవరిది? ఫైల్‌జిల్లాలో సెక్యూర్ కనెక్షన్ గురించి

ప్రశ్న:

అన్నా, నమస్తే. మాది వరంగల్ కొత్తవాడ. మా బాపు, కాక దర్రీలు నేస్తారు. నేను హన్మకొండలో డిగ్రీ చివరి సంవత్సరం. దర్రీల ఫొటోలు, సైజులు, ధరలు పెట్టడానికి రెండేళ్ల కింద ఒక చిన్న వెబ్‌సైట్ చేయించాం. చేసిచ్చిన అబ్బాయికి ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్లిపోయాడు. అప్పటి నుంచి నేనే చూసుకుంటున్నాను. సర్వర్‌కు ఫైళ్లు పంపే ఫైల్‌జిల్లా ప్రోగ్రామ్‌తో ఫొటోలు ఎక్కిస్తాను. మొదట్లో కనెక్ట్ కాగానే సర్టిఫికెట్ తెలియదంటూ ఒక పెద్ద డబ్బా వచ్చేది. భయమేసి క్యాన్సిల్ కొట్టేదాన్ని. నయీంనగర్‌లో నెట్ సెంటర్ అన్న ‘ఓన్లీ యూజ్ ప్లెయిన్ ఎఫ్‌టీపీ’ అని మార్చిచ్చాడు, ఆ గొడవ పోయింది. పోయిన నెల ఒక కస్టమర్ ఫోన్ చేసి, మీ సైట్ తెరిస్తే పేకాట పేజీ వస్తోందన్నాడు. హోస్టింగ్ వాళ్లు పాస్‌వర్డ్‌లు మార్చమన్నారు, ఇక నుంచి సెక్యూర్ కనెక్షనే వాడమన్నారు. ఇప్పుడు ‘రిక్వైర్’ అని ఉన్నది పెడితే లాగిన్ అవుతుంది గానీ ఫోల్డర్ల జాబితా రాదు. 20 సెకన్లు తిరిగి ఆగిపోతుంది. కాలేజీ వైఫైలో అయితే లాగిన్ కూడా కాదు. ఒక వీడియోలో ఒకాయన టీఎల్‌ఎస్ 1.0 పెట్టుకుంటే అన్నీ పనిచేస్తాయన్నాడు. అసలు ఎస్‌ఎఫ్‌టీపీ, ఎఫ్‌టీపీఎస్ రెండూ ఒకటేనా? నేనేది పెట్టాలి? బాపుకు ఇంకా సంగతి చెప్పలేదు, చాలా టెన్షన్‌గా ఉంది.

— కొత్తవాడ నుంచి ఒక చెల్లె

జవాబు:

చెల్లె, ముందు బాపుకు చెప్పు. సైట్‌లో పెట్టిన ఫోన్ నంబర్ ఆయనదే అయి ఉంటుంది. రేపు ఇంకో కస్టమర్ ఫోన్ చేసి పేకాట సంగతి ఆయన్నే అడుగుతాడు. నీ నోటి నుంచి వినడం వేరు, బయటివాళ్ల నోటి నుంచి వినడం వేరు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు పట్టుకుని నెట్‌లో వెతికేవాళ్లు మీ సైట్ దాకా వస్తారు కాబట్టి ఇది చిన్న సంగతేం కాదు. అలాగని కొంపలు మునిగే సంగతీ కాదు. రెండు సాయంత్రాల పని.

పాస్‌వర్డ్‌లు ఈ రోజే మార్చు. బ్రౌజర్‌లో హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్ తెరిచి, మీ సొంత కంప్యూటర్ మీద నుంచే మార్చు, నెట్ సెంటర్ నుంచి కాదు. ప్యానెల్‌ది ఒకటి, ఎఫ్‌టీపీ (సర్వర్‌కు ఫైళ్లు పంపే పద్ధతి) ఖాతాది ఒకటి, రెండూ వేర్వేరుగా ఉండాలి. అయితే నేను చెప్పేది మొత్తం చదివేదాకా ఆ కొత్త పాస్‌వర్డ్‌ను ఫైల్‌జిల్లాలో మాత్రం కొట్టకు. ప్లెయిన్‌లోనే ఉండి కొత్త పాస్‌వర్డ్ పంపితే, అది కూడా పాతదాని వెంటే పోతుంది.

పశువుల అంగడి ఎప్పుడైనా చూశావా? అమ్మేవాడు, కొనేవాడు ఒక తువ్వాల కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టుకుని ధర మాట్లాడుకుంటారు. చుట్టూ పదిమంది నిలబడి చూస్తుంటారు. బేరం నడుస్తోందని అందరికీ తెలుసు, ఎంత దగ్గర నడుస్తోందో ఎవరికీ తెలియదు. నీ కంప్యూటర్‌కు, సర్వర్‌కు మధ్య టీఎల్‌ఎస్ చేసే పని ఆ తువ్వాల పనే. నెట్ సెంటర్ అన్న నీకు చేసిపెట్టిన ‘ప్లెయిన్’ సెట్టింగ్‌లో ఆ తువ్వాల లేదు. యూజర్ పేరు ఒక లైను, పాస్‌వర్డ్ ఇంకో లైను, ఉన్నవి ఉన్నట్టు అక్షరాల్లో పోతాయి. అదే నెట్‌వర్క్‌లో ఎవరైనా ట్రాఫిక్ పట్టే ప్రోగ్రామ్ పెట్టుకుని కూర్చుంటే, చదువుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు.

ఆ అన్న మీద నాకు కోపం లేదు. ఒకప్పుడు నేనూ హన్మకొండ చౌరస్తా దగ్గర అలాంటి కుర్చీలోనే కూర్చున్నాను. వచ్చినవాళ్లకు పని పది నిమిషాల్లో కావాలి, బయట ఇంకో ముగ్గురు నిలబడి ఉంటారు. అప్పట్లో మా సెంటర్‌లోని సిస్టమ్‌లన్నీ ఒకే హబ్‌కు తగిలించి ఉండేవి. ఒకరోజు ఇంజినీరింగ్ చదివే కుర్రాడు ఒకడు సరదాకు ట్రాఫిక్ పట్టి, పక్క సిస్టమ్‌లో నేను కొట్టిన ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్‌ను నాకే చదివి వినిపించాడు. అది ఒక క్లయింట్ సైట్ పాస్‌వర్డ్. ఆ సాయంత్రం నాకు టీ కూడా దిగలేదు.

ఇంత అమాయకమైన పద్ధతి ఎలా వచ్చిందంటే, అది మరీ పాతది. ఎఫ్‌టీపీకి మొదటి రూపం రాసింది అభయ్ భూషణ్. ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్ విద్యార్థి, ఎంఐటీలో ఉండగా 1971 ఏప్రిల్‌లో రాశాడు. అప్పుడు ఆ నెట్‌వర్క్‌లో ఉన్నవి యూనివర్సిటీలవీ, పరిశోధన సంస్థలవీ కొన్ని కంప్యూటర్లే. వాడకట్టులో అందరూ తెలిసినవాళ్లయితే తలుపుకు గొళ్లెం ఎందుకు అన్నట్టు ఉండేది. ఇప్పుడు మనం వాడే రూపం 1985లో స్థిరపడింది. అందులోనూ గొళ్లెం లేదు. తర్వాత వాడకట్టు ప్రపంచమంత అయింది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ 2021లో ఎఫ్‌టీపీని తీసేశాయి.

ఇక నీ అసలు సమస్య. సైట్ మేనేజర్ తెరువు, కంట్రోల్ పట్టుకుని ఎస్ నొక్కితే వస్తుంది. ప్రోటోకాల్ దగ్గర ఎఫ్‌టీపీ ఉంటే, కింద ఎన్‌క్రిప్షన్ దగ్గర నాలుగు దారులు కనిపిస్తాయి. ఒకటి ‘యూజ్ ఎక్స్‌ప్లిసిట్ ఎఫ్‌టీపీ ఓవర్ టీఎల్‌ఎస్ ఇఫ్ అవైలబుల్’. తువ్వాల ఉంటే కప్పుతాను, లేకపోతే బయటే మాట్లాడతాను అని దాని అర్థం. మధ్యలో కూర్చున్న దొంగ సర్వర్ గొంతుతో ‘మా దగ్గర తువ్వాల లేదు’ అని చెబితే చాలు, పాస్‌వర్డ్ బయటపడుతుంది. ఇంకోటి ‘రిక్వైర్ ఎక్స్‌ప్లిసిట్’. తువ్వాల లేకపోతే బేరమే లేదు. నీకు కావాల్సింది ఇదే. పోర్టు, అంటే సర్వర్ తలుపు నంబర్, 21, మామూలుదే. ‘రిక్వైర్ ఇంప్లిసిట్’ అనేది పాత పద్ధతి, పోర్టు 990 మీద నడుస్తుంది. హోస్టింగ్ వాళ్లు ప్రత్యేకంగా చెబితే తప్ప దాని జోలికి పోకు. నాలుగోది నీకు తెలిసిందే.

లాగిన్ టైప్ దగ్గర ‘ఆస్క్ ఫర్ పాస్‌వర్డ్’ పెట్టు. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇప్పుడు నువ్వు భయపడ్డ ఆ డబ్బా దగ్గరికి వద్దాం. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో ముఖ్యమైనది అదొక్కటే. అంగడిలో తువ్వాల కప్పారు సరే, కింద నీ వేళ్లు పట్టుకున్న చెయ్యి ఎవరిది? కొనేవాడిదేనా, లేక మధ్యలో దూరిన దళారిదా? దళారి చేతికి నీ పాస్‌వర్డ్ అందాక ఎంత మందపు తువ్వాల కప్పినా లాభం లేదు. ఆ డబ్బా అడుగుతున్నది అదే: ‘ఈ సర్వర్ ఫలానా పేరు చెబుతోంది, ఈ కాగితం చూపిస్తోంది, నువ్వు వెతికేది ఇదేనా?’ దాన్ని నోరు మూయించడానికి ప్లెయిన్‌లోకి వెళ్లడమంటే, పేరు అడిగిన వాచ్‌మన్‌ను పని మాన్పించి గేటు తీసిపెట్టుకోవడమే. చదవకుండా ‘ఎప్పటికీ నమ్ము’ అని టిక్ పెట్టి ఓకే కొట్టడం కూడా దానికి తమ్ముడే.

అందులో ఇన్ని వరుసలున్నాయని బెదిరిపోకు. మూడు చూస్తే చాలు. మొదటిది, సర్టిఫికెట్ ఎవరి పేరు మీద ఉంది. సబ్జెక్ట్ దగ్గరా, ప్రత్యామ్నాయ పేర్ల దగ్గరా కనిపిస్తుంది. రెండోది, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చెల్లుతుంది. మూడోది ఫింగర్‌ప్రింట్, అంటే ఆ సర్టిఫికెట్ వేలిముద్ర. ఎస్‌హెచ్‌ఏ-256 అని ఉన్న పొడుగాటి వరుస.

నీలాంటి చిన్న సైట్‌లకు ఎక్కువగా పేరు దగ్గరే తేడా వస్తుంది. హోస్ట్ దగ్గర నువ్వు మీ సైట్ పేరు ముందు ఎఫ్‌టీపీ, చుక్క పెట్టి రాసి ఉంటావు. అందరూ అలాగే రాస్తారు. కానీ ఒకే సర్వర్ మీద మీ సైట్‌తో పాటు ఇంకా ఎన్నో సైట్‌లు ఉంటాయి. ఆ సర్వర్ ఎఫ్‌టీపీకి చూపించే సర్టిఫికెట్ హోస్టింగ్ కంపెనీ పేరు మీద, ఆ సర్వర్ సొంత పేరుతో ఉంటుంది. నువ్వు పిలిచిన పేరు ఒకటి, వచ్చినవాడు చెప్పే పేరు ఇంకోటి. ఫైల్‌జిల్లా అనుమానపడుతుంది, పడాలి కూడా. దీనికి మందు చాలా చిన్నది. కంట్రోల్ ప్యానెల్‌లోనో, హోస్టింగ్ కొన్నప్పుడు వచ్చిన మెయిల్‌లోనో సర్వర్ హోస్ట్‌నేమ్ అని ఒకటి ఉంటుంది. హోస్ట్ దగ్గర ఆ పేరే రాయి. పాత అబ్బాయి ఉత్త ఐపీ నంబర్ పెట్టి ఉంటే అది కూడా తీసేయి. పేరు, సర్టిఫికెట్ కలిసి, దాన్ని జారీ చేసింది అందరూ నమ్మే సంస్థే అయితే ఆ పేరు తేడా ఇక ఉండదు. అయినా డబ్బా వస్తే అందులోని ఫింగర్‌ప్రింట్‌ను ఫొటో తీసి, హోస్టింగ్ వాళ్ల సపోర్ట్‌కు పంపి ‘ఇది మీదేనా’ అని అడుగు. వాళ్లు అవునంటే అప్పుడు టిక్ పెట్టు.

తేదీల సంగతి కూడా ఒక మాట. కొన్ని సర్టిఫికెట్‌లు 90 రోజులకే అయిపోతాయి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇచ్చేవి అలాంటివే. సర్వర్ దానంతటదే కొత్తది తెచ్చుకుంటుంది. ఎప్పుడైనా తెచ్చుకోవడం మరిచిపోతే ‘గడువు దాటింది’ అని వస్తుంది, హోస్టింగ్ వాళ్లకు చెప్పాలి. అలా కాకుండా ‘ఇంకా మొదలే కాలేదు’ అని వస్తే సర్టిఫికెట్‌ను తిట్టకముందు నీ కంప్యూటర్ గడియారం చూడు. పాత డెస్క్‌టాప్‌లలో లోపలి గుండీ బ్యాటరీ అయిపోయి, ఆన్ చేసిన ప్రతిసారీ పదేళ్ల వెనక్కి పోతుంటాయి. నెట్ సెంటర్‌లలో ఇది నేను లెక్కలేనన్ని సార్లు చూశాను.

డబ్బాను చదవమని ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి అదే నా పరువు కాపాడింది. ఒక విత్తనాల దుకాణం సైట్ చూసేవాణ్ని. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్, దుకాణంవాళ్లకు ధరలు తొందరగా మార్చాలి. కొత్త ల్యాప్‌టాప్‌లో సర్వర్ పేరు చేత్తో కొట్టాను, ఒక అక్షరం తప్పు పడింది. దురదృష్టమో అదృష్టమో, ఆ తప్పు పేరుకు కూడా ఎక్కడో ఒక సర్వర్ పలికింది. డబ్బా వచ్చింది. అలవాటు కొద్దీ వేలు ఓకే మీదికి పోయింది కూడా. సబ్జెక్ట్ దగ్గర ఎప్పుడూ వినని పేరు కనిపించి ఆగాను. ఆగకపోతే ఆ దుకాణం పాస్‌వర్డ్‌ను ముక్కూ మొహం తెలియని ఎవరికో నా చేత్తో నేనే అప్పగించి ఉండేవాణ్ని. తువ్వాల కిందే అప్పగించేవాణ్ని, అది వేరే సంగతి.

ఇక లాగిన్ అయ్యి జాబితా రాకపోవడం. మగ్గం ఇంట్లో పుట్టినదానివి, నీకు ఇది తొందరగా ఎక్కుతుంది. ఎఫ్‌టీపీకి ఒక దారం చాలదు, పడుగూ పేకా కావాలి. లాగిన్, ఆదేశాలు నడిచే కనెక్షన్ పడుగు లాంటిది. ఒకసారి బిగిస్తే చివరిదాకా అలాగే ఉంటుంది. ఫోల్డర్ జాబితా అడిగినా, ఒక ఫొటో పంపినా దానికోసం ప్రతిసారీ కొత్త కనెక్షన్ ఒకటి దూరుతుంది, అది పేక. పాసివ్ మోడ్‌లో సర్వర్ ‘ఈసారి ఫలానా తలుపు నుంచి రా’ అని ఒక పోర్టు నంబర్ చెబుతుంది, నీ ఫైల్‌జిల్లా ఆ తలుపు తడుతుంది. పైన మెసేజ్‌లలో 227 తో మొదలయ్యే వరుస చూడు, బ్రాకెట్‌లో ఆరు సంఖ్యలుంటాయి. మొదటి నాలుగు చిరునామా. ఐదోదాన్ని 256తో గుణించి ఆరోది కలిపితే పోర్టు. 195, 80 అని ఉంటే 49920కి 80 కలిపి 50000. ఫోన్ నెట్ మీద 227 బదులు 229 రావచ్చు, అందులో పోర్టు నంబర్ నేరుగానే కనిపిస్తుంది.

నీకు పడుగు బిగిసింది, పేక దూరడం లేదు. మరి ప్లెయిన్‌లో ఉన్నప్పుడు ఎలా దూరింది? చాలా ఫైర్‌వాల్‌లకు ఒక అలవాటు ఉంది. ఎఫ్‌టీపీ మాటలు పక్కనుంచి వింటూ, సర్వర్ 50000 అనగానే ‘ఓహో, ఈ తలుపు తెరవాలి కాబోలు’ అని అప్పటికప్పుడు ఆ ఒక్కటీ తెరుస్తాయి. తువ్వాల కప్పాక వాటికి ఏమీ వినపడదు, తలుపు తెరవవు. నీ ఫైల్‌జిల్లా మూసిన తలుపు ముందు 20 సెకన్లు నిలబడి వెనక్కి వస్తుంది. అంటే సెక్యూర్ కనెక్షన్ చెడిపోయిందని కాదమ్మా, అది బాగా పనిచేయడం వల్లే ఆ ఫైర్‌వాల్ చెవిటిదైంది. చాలామంది ఇక్కడే విసుగొచ్చి మళ్లీ ప్లెయిన్‌కు పోతారు.

ఆ ఫైర్‌వాల్ ఎక్కడుందో పట్టుకోవాలి. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి ఒకసారి కనెక్ట్ చెయ్. జాబితా వస్తే అడ్డం ఇంటి రౌటర్‌లోనో, ఇంటి నెట్‌లోనో ఉంది. హాట్‌స్పాట్ మీద కూడా రాకపోతే, కంప్యూటర్‌లోని యాంటీవైరస్ అడ్డం కాకుంటే, ఎక్కువ అనుమానం సర్వర్ వైపే. ముందు ట్రాన్స్‌ఫర్ సెట్టింగ్స్‌లో ‘యాక్టివ్’ ఉందేమో చూసి, ఉంటే ‘డిఫాల్ట్’ లేదా ‘పాసివ్’ పెట్టు. యాక్టివ్‌లో సర్వరే నీ ఇంటికి వచ్చి తలుపు తట్టాలి. మన ఇళ్ల రౌటర్ల వెనక, ఫోన్ కంపెనీల నెట్ వెనక అది జరిగే పని కాదు. అదీ సరిగానే ఉంటే హోస్టింగ్ సపోర్ట్‌కు ఇలా రాయి (ఎంఎల్‌ఎస్‌డీ అంటే జాబితా అడిగే ఆదేశం): ‘ఎక్స్‌ప్లిసిట్ టీఎల్‌ఎస్‌తో లాగిన్ అవుతోంది. ఎంఎల్‌ఎస్‌డీ దగ్గర టైమ్‌ఔట్ అవుతోంది. ప్లెయిన్‌లో జాబితా వచ్చేది. పాసివ్ పోర్టుల రేంజ్ సర్వర్ ఫైర్‌వాల్‌లో తెరిచి ఉందా చూడండి.’ ‘సైట్ పనిచేయట్లేదు సార్’ అని రాస్తే క్యాష్ క్లియర్ చేయమంటారు. ఇలా రాస్తే విషయం తెలిసినవాడి దగ్గరికి తొందరగా చేరుతుంది.

మెసేజ్‌లలో 425 గానీ 522 గానీ వచ్చి, సెషన్ గురించి ఏదో అంటే అది వేరే జబ్బు. పడుగు బిగించినవాడే పేక కూడా వేస్తున్నాడని రుజువు అడిగే సర్వర్లు ఉన్నాయి. పాత వెర్షన్ సాఫ్ట్‌వేర్ ఆ రుజువు చూపించలేదు. కొత్త ఫైల్‌జిల్లా వేసుకో. దించుకునేటప్పుడు వాళ్ల సొంత సైట్ నుంచే దించు, ఇన్‌స్టాలర్ మధ్యలో వేరే ప్రోగ్రామ్ కావాలా అని అడిగితే వద్దను. 2014లో ఫైల్‌జిల్లా వేషం వేసుకున్న నకిలీ కాపీలు దొరికాయి. పని అచ్చం అసలుదానిలాగే చేసేవి, లాగిన్ వివరాలు మాత్రం దొంగకు పంపేవి.

ఇప్పుడు నీ చివరి ప్రశ్న, నిజానికి ఇదే ముందు అడగాల్సింది. ఎస్‌ఎఫ్‌టీపీ, ఎఫ్‌టీపీఎస్ ఒకటి కాదు, చుట్టాలు కూడా కాదు. ‘ఎస్’ తోక దగ్గర ఉంటే అది పాత ఎఫ్‌టీపీనే, టీఎల్‌ఎస్ తువ్వాల కప్పుకుంది. ఇంతదాకా చెప్పింది దాని గురించే. ‘ఎస్’ తల దగ్గర ఉంటే అది ఎస్‌ఎస్‌హెచ్ ఇంటి బిడ్డ. ఎస్‌ఎస్‌హెచ్ అంటే దూరంలో ఉన్న కంప్యూటర్‌తో రహస్యంగా మాట్లాడే ఇంకో పద్ధతి. ఫిన్లాండ్‌లో హెల్సింకి టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు పట్టేస్తే, అక్కడి తాతు ఇలోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. ఎఫ్‌టీపీ పోర్టు 21, దూరపు కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే పాత పద్ధతి టెల్‌నెట్‌ది 23, మధ్యలో 22 ఖాళీగా ఉందని అదే అడిగి తీసుకున్నాడు. ఆ రెండింటి చోట నిలబడాల్సింది ఇదే కదా. ఎస్‌ఎఫ్‌టీపీలో పడుగూ పేకా అంతా ఒకే కనెక్షన్‌లో నడుస్తుంది. పాసివ్ గొడవ లేదు, ఫైర్‌వాల్ చెవుడు లేదు. మీ హోస్టింగ్‌లో ఎస్‌ఎస్‌హెచ్ ఇచ్చే వీలుంటే ప్యానెల్‌లో ఆన్ చేసుకుని దీనికే మారిపో, నా ఓటు దీనికే. పోర్టు 22 కాకుండా వేరే నంబర్ ఇస్తారు కొందరు, ప్యానెల్‌లో చూసి రాయి. తక్కువ ధర ప్లాన్‌లలో ఇవ్వకపోతే ఎక్స్‌ప్లిసిట్ టీఎల్‌ఎస్ నిక్షేపంగా సరిపోతుంది.

ఎస్‌ఎఫ్‌టీపీలో కూడా మొదటిసారి ఒక డబ్బా వస్తుంది, హోస్ట్ కీ తెలియదని. ఇక్కడ సర్టిఫికెట్ జారీ చేసే మూడో సంస్థ పూచీ సాధారణంగా ఉండదు, వేలిముద్ర ఒక్కటే ఆధారం. సపోర్ట్‌ను అడిగి సరిచూసుకో, సరిపోతే టిక్ పెట్టు. ఆ తర్వాత ఎప్పుడో ఒకరోజు ‘కీ మారింది’ అని గట్టి హెచ్చరిక వస్తే మాత్రం ఆ రోజు పని ఆపెయ్. సర్వర్ మార్చామని వాళ్ల నుంచి మెయిల్ వచ్చిందా చూడు. రాకపోతే ఫోన్ చెయ్. దర్రీ ఫొటో రేపు ఎక్కినా కొంపేం మునగదు.

కాలేజీ వైఫైలో లాగిన్ కూడా కాకపోవడానికి కారణం, చాలా కాలేజీల్లో 21, 22 పోర్టులే మూసేస్తారు. అది వాళ్ల ఇల్లు, వాళ్ల నియమం. దానికి దొంగదారులు వెతకొద్దు. రెండు ఫొటోలే అయితే బ్రౌజర్‌లో కంట్రోల్ ప్యానెల్ ఫైల్ మేనేజర్ తెరిచి ఎక్కించు, అదీ సెక్యూరే.

టీఎల్‌ఎస్ 1.0 పెట్టమన్న ఆయన మాట వినకు. అది 1999 నాటిది, 1.1 ఏమో 2006 నాటిది. ఈ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్ రెండింటినీ 2021 మార్చిలో పక్కన పెట్టేసింది. 1.2, 1.3 ఉంటే చాలు. ఫైల్‌జిల్లా లాంటిదే అయిన విన్‌ఎస్‌సీపీ వాడేవాళ్లకు ఈ కనీస వెర్షన్ అడ్వాన్స్‌డ్‌లో టీఎల్‌ఎస్ పేజీలో కనిపిస్తుంది, 1.2 కంటే కిందికి దించకూడదు. 1.0 పెడితే తప్ప మీ సర్వర్ పలకడం లేదంటే మార్చాల్సింది సెట్టింగ్‌ను కాదు, హోస్టింగ్‌ను.

పాస్‌వర్డ్‌ను ‘అడిగినప్పుడు ఇస్తా’ అని పెట్టమన్నది ఎందుకంటే, మామూలుగా సేవ్ చేస్తే ఫైల్‌జిల్లా దాన్ని కంప్యూటర్‌లో ఒక ఫైల్‌లో బేస్-64 అనే రాతలో దాచుకుంటుంది. అది తాళం కాదు, తిరగేసి రాసిన చీటీ లాంటిది. వైరస్‌లు నేరుగా ఆ ఫైల్‌నే వెతుక్కుంటాయి. మీ సైట్‌కు ఈ గతి పట్టడానికి ప్లెయిన్ ఎఫ్‌టీపీ ఒక దారి, ఈ సేవ్ చేసిన ఫైల్ ఇంకో దారి, సైట్‌లో పాతబడిన ప్లగిన్ మూడో దారి. మూడూ మూయాలి. తప్పదు సేవ్ చేసుకోవాలంటే సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్స్ దగ్గర మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టుకునే వీలుంది, అప్పుడు నిజంగా తాళం పడుతుంది.

సైట్ శుభ్రం చేయడం గురించి నువ్వు అడగలేదు గానీ, పేకాట పేజీ ఇంకా అక్కడే ఎక్కడో కూర్చుని ఉంటుంది. ఇండెక్స్ ఫైల్, హెచ్‌టీ-యాక్సెస్ ఫైల్ తెరిచి వేరే సైట్‌కు మళ్లించే వరుసలున్నాయేమో చూడు. ఫొటోల ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైల్ కనిపిస్తే దానికి అక్కడ పనే లేదు. ప్యానెల్‌లో ఎఫ్‌టీపీ ఖాతాల జాబితాలో నువ్వు చేయని పేరుంటే తీసెయ్. అనుమతులు (పర్మిషన్స్) ఫోల్డర్‌లకు 755, ఫైళ్లకు 644 ఉండాలి. 777 అని ఎక్కడ కనిపించినా మార్చు. హైదరాబాద్ వెళ్లిన ఆ అబ్బాయి దగ్గర మొదట్లో చేసిన సైట్ కాపీ ఉంటే అడుగు. ఇన్ని వెతకడం కంటే అంతా తుడిచి అది ఎక్కించడం సులువు.

ఇంకో చిన్న సంగతి. నువ్వు దర్రీ ఫొటోలకు తెలుగులో పేర్లు పెట్టే అలవాటుంటే, సర్వర్ మీద పిచ్చి గీతలుగా కనిపించవచ్చు. సైట్ మేనేజర్‌లో క్యారెక్టర్ సెట్ దగ్గర ‘ఫోర్స్ యూటీఎఫ్-8’ పెడితే మామూలుగా సర్దుకుంటుంది. అయినా వెబ్‌లో పెట్టే ఫొటోలకు ఇంగ్లిష్ అక్షరాలే మేలంటాను, తెలుగు మీద ప్రేమ లేక కాదు. యూటీఎఫ్-8లో మన ఒక్కో అక్షర గుర్తుకు మూడు బైట్లు పడతాయి, లింక్‌లో అవి తొమ్మిది గుర్తులవుతాయి. ‘కొ’ అని ఒక్కటి రాస్తే క, ఒత్వం కలిపి పద్దెనిమిది. కస్టమర్‌కు వాట్సాప్‌లో లింక్ పంపితే కొత్తవాడ నుంచి కాజీపేట దాకా ఉంటుంది.

కనెక్ట్ అయ్యాక ఫైల్‌జిల్లా కిటికీ కింద కుడి మూలన చిన్న తాళం గుర్తు చూడు. దాన్ని నొక్కితే ఏ టీఎల్‌ఎస్ నడుస్తోందో, ఎవరి సర్టిఫికెటో అన్నీ కనిపిస్తాయి. అక్కడ నీ సర్వర్ పేరు చూసుకున్నాకే మొదటి ఫొటో ఎక్కించు.

నయీంనగర్ నెట్ సెంటర్‌లో మీ సైట్ వివరాలు పాత పాస్‌వర్డ్‌తో సహా ఇంకా ఉండే ఉంటాయి. ఒకసారి వెళ్లి, ఆ అన్ననే అడిగి, సైట్ మేనేజర్‌లో మీ సైట్ పేరు తీసెయ్. ఎడిట్ మెనూలో ‘క్లియర్ ప్రైవేట్ డేటా’ అని ఉంటుంది, అందులో క్విక్‌కనెక్ట్ చరిత్రను కూడా తుడిచెయ్. అక్కడే ఉన్న ‘సైట్ మేనేజర్ ఎంట్రీస్’ మీద మాత్రం టిక్ పడకుండా చూసుకో, మిగతావాళ్ల సైట్ పేర్లు కూడా అందులోనే ఉంటాయి. పనిలో పనిగా ఆ ‘ప్లెయిన్’ సంగతి ఆయనకూ చెప్పు.